మొదటి ఫర్నిచర్ మీ చేత్తోనే: ఊగని బెంచీ ఎలా చేయాలి

చెక్కపని మొదలుపెడదామనుకునే వాళ్లు నన్ను రెండే ప్రశ్నలు అడుగుతుంటారు. పని మొదలుపెట్టకముందు "ఏ మిషన్ కొనాలి?", మొదటి వస్తువు అయిపోయాక "ఊగుతోంది, ఇప్పుడేం చేయాలి?". మొదటిదానికి జవాబు తేలిక, ఒక మామూలు డ్రిల్ మిషన్ ఉంటే చాలు, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. రెండోదానికి జవాబు మాత్రం బెంచీ పూర్తయ్యాక చెప్పి లాభం లేదు, ఎందుకంటే ఊగడం అనేది చివర్లో వచ్చే జబ్బు కాదు, రెండో అడుగులోనో మూడో అడుగులోనో లోపలికి దూరి చివరిదాకా దాక్కుని ఉంటుంది. అందుకే ఇక్కడ ముఖ్యమైన అడుగుల చివర ఒక్కో పరీక్ష పెట్టాను. అడుగులు చదివి పరీక్షలు వదిలేసేట్టయితే మాత్రం ఇది చదవడం దండగ.

మనం చేయబోయేది ఇద్దరు కూర్చునే బెంచీ. పొడవు 100 సెం.మీ., వెడల్పు 31.5 సెం.మీ., ఎత్తు 45 సెం.మీ. బెంచీయే ఎందుకంటే ఇదే నమూనాలో కొలతలు మారిస్తే టీపాయ్ అవుతుంది, చదువుకునే బల్ల అవుతుంది, మంచం పక్కన పెట్టుకునే చిన్న స్టాండ్ కూడా అవుతుంది. ఒక్కటి సరిగ్గా వస్తే మిగతావి వచ్చినట్టే. కుర్చీ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి, దాంట్లో చాలా మూలలు 90 డిగ్రీలు ఉండవు, మొదటిసారి చేసేవాళ్లకి అది తలనొప్పి.

కావలసిన చెక్క

అన్ని కొలతలూ సెంటీమీటర్లలోనే ఇస్తున్నాను. మీకు అంగుళాలు అలవాటైతే మొత్తం అంగుళాల్లోకి మార్చుకోండి, కానీ సగం ఇందులో సగం అందులో మాత్రం వద్దు.

- పై పలకలు 2: ఒక్కోటి 100 పొడవు, 15.5 వెడల్పు, 2.5 మందం
- పొడవు పట్టీలు 2: 92 పొడవు, 9 వెడల్పు, 2.5 మందం
- పొట్టి పట్టీలు 2: 22.5 పొడవు, 9 వెడల్పు, 2.5 మందం
- కాళ్లు 4: 42.5 పొడవు, 4.5 × 4.5 చదరం
- అడ్డకర్రలు 3: 22.5 పొడవు, 4.5 వెడల్పు, 2.5 మందం

కాలు 45 కాకుండా 42.5 ఎందుకో చూశారా? పై పలక మందం 2.5 తీసేశాం. ఇది మర్చిపోయి బల్లలు ఎత్తుగా చేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు తెచ్చిన పలక మందం 2.5 కాకపోతే, ముందు దాన్ని కొలిచి 45లోంచి తీసేశాకే కాలు పొడవు రాసుకోండి. పొట్టి పట్టీ పొడవుదీ అదే కథ: చట్రం (ఈ నాలుగు పట్టీలూ కలిపి కట్టే పెట్టె) వెడల్పు 27.5లోంచి రెండు పొడవు పట్టీల మందం తీసేస్తే 22.5 వచ్చింది. పట్టీ 2.2 మందమే ఉంటే లెక్క మారిపోతుంది. అమ్మేచోట చెప్పిన మందం ఒకటి, చేతికొచ్చిన చెక్క మందం ఇంకొకటి కావడం మామూలే, ప్లైవుడ్‌లోనూ అంతే. కాగితం మీది కొలతకన్నా చేతిలో ఉన్న ముక్కనే నమ్మండి. ఇంతకు మించిన సూత్రం ఈ పనిలో నాకు తెలీదు.

కొనేటప్పుడు పదిశాతమైనా ఎక్కువ తీసుకోండి. కోతలో పోయేది, చివర్లు పగిలి పనికిరాకుండా పోయేది, పాలిష్ పరీక్షించుకోవడానికి కావలసిన తుంపు, అన్నీ అందులోంచే రావాలి.

పనిముట్లు, సామాన్లు

కొలత టేపు, మూలమట్టం (మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో చూసే ఎల్ ఆకారపు పనిముట్టు), బాగా చెక్కిన పెన్సిల్, చేతి రంపం, డ్రిల్ మిషన్, 3 మి.మీ., 4.5 మి.మీ., 7 మి.మీ. డ్రిల్ బిట్లు, స్క్రూ తల కూర్చునే గుంట తీసే బిట్, స్క్రూడ్రైవర్. చెక్కకి వాడే తెల్ల జిగురు. 4 మి.మీ. లావు స్క్రూలు: 50 మి.మీ. పొడవువి ముప్పై, 40 మి.మీ.వి పన్నెండు. ఆరు చిన్న వాషర్లు. శాండ్ పేపర్ 80, 120, 180, 220 నంబర్లు. కళ్లజోడు, ఎన్95 మాస్కు. క్లాంపులు (ముక్కల్ని కదలకుండా నొక్కి పట్టే బిగింపులు) రెండుంటే హాయి, లేకపోతే ముక్కల చుట్టూ తాడు రెండు చుట్లు కట్టి మధ్యలో పుల్ల దూర్చి మెలిపెడితే బిగుస్తుంది, పుల్ల వెనక్కి తిరగకుండా ఇంకో చెక్కకి ఆనించి పెట్టాలంతే.

మాస్కు మాట ఊరికే అనలేదు. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో పెట్టింది. ఒక్క బెంచీతో ఏమీ అయిపోదు కానీ, అలవాటు మొదటి రోజు నుంచే ఉండాలి. ఇంకో మాట, గిర్రున తిరిగే రంపం గానీ డ్రిల్ గానీ వాడుతున్నప్పుడు చేతులకి గుడ్డ గ్లౌజులు వేసుకోకండి. రక్షణ అనుకుంటాం గానీ, ఆ గుడ్డ బిట్‌కి చుట్టుకుందంటే చేతిని కూడా లోపలికి లాగేస్తుంది. వేలాడే చున్నీ, పొడుగు చేతుల చొక్కా, విరబోసుకున్న జుట్టు, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

1. చెక్క ఎంచుకోండి, తెచ్చాక ఆగండి

ఏ చెక్క అన్నదానికన్నా ఎంత ఆరింది అన్నది ముఖ్యం. పచ్చి టేకుకన్నా బాగా ఆరిన మామూలు చెక్క నయం. మొదటిసారికి మరీ గట్టి చెక్క వద్దు, రంపం కదలదు, స్క్రూ తలలు అరిగిపోతాయి, మీకు విసుగొస్తుంది.

పలకని ఒక చివర పట్టుకుని కంటి ఎత్తుకి లేపి, తుపాకీ గురి చూసినట్టు అంచు వెంట చూడండి. విల్లులా వంగి ఉంటే తెలిసిపోతుంది. తర్వాత చదునైన నేల మీద పెట్టి నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా నొక్కండి. ఎదురెదురు మూలలు టకటకమంటే అది మెలి తిరిగిన పలక, వదిలేయండి. కొద్దిపాటి వంపుని స్క్రూలతో లాగి సరిచేయొచ్చు, మెలికని మాత్రం కొత్తవాళ్లు సరిచేయలేరు. కాళ్లకి ముడులు లేని ముక్కలు ఏరుకోండి. కొమ్మ మొలిచిన చోట ఏర్పడే ఆ ముడి దగ్గర చెక్క నార చుట్టూ తిరిగిపోతుంది కాబట్టి అక్కడ కోతా సరిగ్గా రాదు, బలమూ ఉండదు.

తెచ్చిన రోజే కోయకండి. బెంచీ ఏ ఇంట్లో ఉండబోతోందో ఆ ఇంట్లోనే, మధ్యలో గాలి ఆడేలా పుల్లలు పెట్టి పేర్చి, వారం పది రోజులు ఉంచండి.

పరీక్ష: పేర్చేటప్పుడు ఒక తుంపు పక్కన పెట్టుకుని వంటింటి కాటాలో రెండు మూడు రోజులకోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గుతోందంటే ఇంకా నీరు పోతోందన్నమాట. తగ్గడం ఆగిపోయాక పని మొదలుపెట్టండి.

2. గీయండి, కోయండి

మొదట మీ మూలమట్టం నిజంగా మట్టంగా ఉందో లేదో చూసుకోండి. నేరుగా ఉన్న పలక అంచుకి దాన్ని ఆనించి ఒక గీత గీయండి, తర్వాత అదే గీత దగ్గర మూలమట్టాన్ని రెండో వైపుకి తిప్పి మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే సరే. పైకి వెళ్లేకొద్దీ విడిపోతుంటే దాన్ని పక్కన పడేయండి, ఎంత జాగ్రత్తగా పనిచేసినా అది మిమ్మల్ని మోసం చేస్తూనే ఉంటుంది.

గీత గీశాక ఏ వైపు పారేసే ముక్కో అక్కడ ఇంటూ గుర్తు పెట్టండి. రంపం గీత మీద కాదు, ఇంటూ ఉన్న వైపు గీతని రాసుకుంటూ వెళ్లాలి. రంపం తన దారిలో కొంత చెక్కని పొట్టు చేసేస్తుంది, చేతి రంపమైతే ఒకటి ఒకటిన్నర మి.మీ., కరెంటు రంపమైతే రెండు మూడు మి.మీ. పోతుంది. దీన్ని లెక్కేయకుండా ఒకే కర్ర మీద నాలుగు కాళ్లకీ వరసగా గుర్తులు పెట్టేసి కోస్తే మొదటి కాలు తప్ప మిగతావి పొట్టివవుతాయి. ఒకటి కోయండి, తర్వాతే రెండోది గీయండి.

ఇక్కడే అసలు తప్పు జరుగుతుంది. నాలుగు కాళ్లనీ టేపుతో నాలుగుసార్లు కొలుస్తారు. టేపు కొక్కెం కాస్త కదులుతుంది, కన్ను కాస్త పక్క నుంచి చూస్తుంది, పెన్సిల్ ముక్కు మొద్దుబారుతుంది, చివరికి నాలుగూ నాలుగు రకాలు. అలా చేయకండి. ఒక్క కాలుని టేపుతో కొలిచి కోయండి, దాని మీద "మూలం" అని రాయండి, మిగతా మూడింటినీ దానికి ఆనించి గీయండి. రెండోదాన్ని పెట్టి మూడోది గీయకండి, ప్రతిసారీ మూలమే. పొడవు పట్టీలకీ పొట్టి పట్టీలకీ ఇదే పద్ధతి. అడ్డకర్రలు మాత్రం ఇప్పుడే కోయకండి, చట్రం అయ్యాక దాన్ని బట్టి కోద్దాం.

నేరుగా కోయడం చేతకాకపోతే దిగులేం లేదు. చెక్క కొన్నచోట కోసి ఇస్తారేమో అడగండి, లేదా కొలతకి మిల్లీమీటరు ఎక్కువ వదిలి కోసి, నాలుగు కాళ్లనీ కట్టగా బిగించి ఒకేసారి గరుకు కాగితం చుట్టిన దిమ్మతో రుద్ది సమం చేయండి.

పరీక్ష: నాలుగు కాళ్లనీ చదునైన చోట పక్కపక్కన నిలబెట్టి పై చివర్ల మీద వేలు పెట్టి జరపండి. అర మిల్లీమీటరు తేడాని కన్ను వదిలేసినా వేలు పట్టేస్తుంది.

3. ముందే రుద్దుకోండి

బిగించాక మూలల్లోకి శాండ్ పేపర్ పోదు. అందుకే విడి ముక్కలుగా ఉన్నప్పుడే 80తోనూ తర్వాత 120తోనూ రుద్దేయండి. ఎప్పుడూ నార వెంబడే, అంటే చెక్క మీద పొడుగ్గా సాగే గీతల దిశలోనే రుద్దాలి. అడ్డంగా రుద్దితే పడే గీతలు ఇప్పుడు కనపడవు, పాలిష్ పడగానే గోళ్లతో గీరినట్టు బయటపడతాయి. జిగురు పడే అంచుల్ని మాత్రం గుండ్రంగా చేసేయకండి.

4. చట్రం కట్టండి

పొడవు పట్టీలు రెండూ బయట, పొట్టి పట్టీలు వాటి మధ్యలో, రెండు చివర్లా. మూత లేని, అడుగు లేని పెట్టెలా ఉంటుంది. ముందు జిగురు లేకుండా ఉత్తినే పేర్చి చూడండి. ఈ పని చేయనివాళ్లు జిగురు కారుతుండగా ముక్క ఇటుదా అటుదా అని వెతుక్కుంటారు. కలిసే ప్రతి మూలకీ ఒక నంబరు వేసుకోండి.

రంధ్రం చేయకుండా స్క్రూ దించకండి. చెక్క చివర దగ్గర ఇది మరీ ప్రమాదం, పట్మని చీలుతుంది. పై ముక్కలో, అంటే పొడవు పట్టీలో, 4.5 మి.మీ. రంధ్రం, స్క్రూ అందులో వదులుగా జారాలి. కింది ముక్కలో 3 మి.మీ. రంధ్రం, స్క్రూ మరలు అక్కడ పట్టాలి. పై ముక్కలో కూడా మరలు పట్టుకుంటే రెండు ముక్కల మధ్య సందు అలాగే ఉండిపోతుంది, మీరెంత తిప్పినా దగ్గరకి రావు. "స్క్రూ గట్టిగా బిగించాను కానీ సందు పోలేదు" అనే వాళ్లందరిదీ ఇదే సమస్య. స్క్రూ తల లోపలికి కూర్చునేలా పైన గుంట తీయండి.

ప్రతి మూలకీ రెండు స్క్రూలు, 50 మి.మీ.వి. ఇక్కడ స్క్రూ దిగేది పొట్టి పట్టీ చివర్లోకి, నార వెంబడి, కాబట్టి పట్టు అంతంత మాత్రమే. జిగురు కూడా చెక్క చివర్లలో సరిగ్గా అంటదు, చివరి రంధ్రాలు దాన్ని తాగేస్తాయి. భయపడకండి, అసలు బలం తర్వాతి అడుగులో కాళ్లు ఇస్తాయి, ఇవి ప్రస్తుతానికి చట్రాన్ని పట్టి ఉంచడానికే.

పరీక్ష: ఇది ఏ పరిస్థితుల్లోనూ వదలకండి. చట్రం బయటి మూల నుంచి ఎదురు మూలకి కొలవండి, తర్వాత రెండో జత. మన కొలతలకి రెండూ 96 సెం.మీ. దగ్గర రావాలి. 96 కాకుండా 95.8 వచ్చినా ఫర్వాలేదు కానీ రెండూ ఒకటే రావాలి. ఒకటి ఎక్కువ ఉంటే ఆ పొడవైన జత మూలల్ని లోపలికి నొక్కండి, జిగురు ఆరకముందు అయితే సులువుగా కదులుతుంది. ఒక మి.మీ. లోపు తేడా ఉంటే చాలు.

5. కాళ్లు బిగించండి

చట్రాన్ని మీకున్న వాటిలో అత్యంత చదునైన చోట తలకిందులుగా పెట్టండి. ఎక్కడుంటుంది చదును? మామూలు గచ్చు చాలాసార్లు మోసం చేస్తుంది. దళసరి ప్లైవుడ్ ముక్కో రాతి అరుగో అయితే మేలు, కింద పాత పేపరు పరవండి, లేకపోతే చట్రం జిగురుతో దానికే అతుక్కుంటుంది.

కాలుని లోపలి మూలలోకి తలకిందులుగా నిలబెట్టాలి. కాలికి పట్టీలని తాకే రెండు ముఖాలకీ జిగురు పల్చగా, మొత్తం పరుచుకునేలా రాయండి. కాలు పై చివర, అంటే ఇప్పుడు తలకిందులుగా ఉంది కాబట్టి కిందికి వచ్చిన చివర, కింది చదునుకి పూర్తిగా ఆనాలి, రెండు పట్టీలకీ సందు లేకుండా ఆనాలి. మూలమట్టంతో రెండు వైపులా చూసి, అప్పుడు స్క్రూలు. పొడవు పట్టీ బయటి నుంచి కాలులోకి రెండు, పొట్టి పట్టీ బయటి నుంచి రెండు, అన్నీ 50 మి.మీ.వే.

ఒక తిరకాసు ఉంది. రెండు వైపుల నుంచీ వచ్చే స్క్రూలు కాలు లోపల ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అందుకని ఎత్తులు మార్చండి: పట్టీ పై అంచు నుంచి పొడవు వైపు 2, 6 సెం.మీ. దగ్గర, పొట్టి వైపు 4, 7.5 సెం.మీ. దగ్గర. డ్రిల్ చేస్తుంటే ఇనుప రాపిడి చప్పుడు వచ్చిందా, ఆపేయండి, ఇంకో సెంటీమీటరు జరపండి.

బయటికి పొంగిన జిగురుని తడిగుడ్డతో రుద్దకండి, పల్చబడి చెక్క రంధ్రాల్లోకి పోతుంది, ఆ తర్వాత పాలిష్ అక్కడ పట్టదు. అరగంట ఆగితే జిగురు రబ్బరులా అవుతుంది, అప్పుడు ఉలితో గానీ పాత ప్లాస్టిక్ కార్డుతో గానీ గీకితే ముద్దలా వచ్చేస్తుంది. క్లాంపులు గంట ఉంచండి. పూర్తి బలం రావడానికి 24 గంటలు పడుతుంది, ఈలోపు ఎవరూ దాని మీద కూర్చోకుండా చూసుకోండి, పిల్లలున్న ఇల్లయితే మరీ.

6. అడ్డకర్రలు

ఇప్పుడు చట్రం లోపలి వెడల్పుని కొలవకుండా, కర్రనే అడ్డంగా పెట్టి గీసి కోయండి. 22.5 రావాలి, మీకు 22.4 వస్తే 22.4నే. ఒకటి మధ్యలో, రెండు కాళ్ల పక్కన. వెడల్పు ముఖం పైకి ఉండేలా పరిచి, పై ముఖం పట్టీల పై అంచుతో సమంగా ఉండాలి. బయటి నుంచి ఒక్కో చివరా ఒక స్క్రూ. బరువంతా పట్టీల మీదే పడుతుంది, వీటి పని పై పలకల్ని పట్టుకోవడమూ, పొడవు పట్టీలు మధ్యలో బయటికి ఉబ్బకుండా చూడడమూ.

7. ఊగుతోందా? పై పలక పెట్టకముందే చూడండి

నిటారుగా నిలబెట్టి ఎదురెదురు మూలల మీద చేతులు పెట్టి నొక్కండి. టకమంటే వెంటనే రంపం తీయకండి! బెంచీని అదే చోట సగం చుట్టు తిప్పి మళ్లీ నొక్కండి. ఊగే కాలు మారితే తప్పు నేలది, బెంచీది కాదు. అదే కాలు ఊగుతుంటేనే బెంచీది.

ఊగే కాలుని కోస్తే ఇంకా పొట్టిదవుతుంది, కోయాల్సింది మిగతా మూడింటినీ అని అందరికీ తెలుసు, అయినా ఆ క్షణంలో చేయి రంపం మీదికే పోతుంది. సరైన పద్ధతి ఇది. ఊగే కాలు కింద అట్టముక్కలు మడిచి పెట్టి కదలకుండా చేయండి. ఇంకా కావాలంటే రసమట్టం (గాలిబుడగతో మట్టం చూపే పనిముట్టు) పెట్టి పైభాగం సమంగా ఉందో లేదో కూడా చూసుకోండి. ఇప్పుడు ఆ సందుకన్నా కాస్త దళసరి చెక్కముక్కని నేల మీద పెట్టి, దాని మీద పెన్సిల్‌ని పడుకోబెట్టి, ఆ ముక్కని జరుపుతూ నాలుగు కాళ్ల చుట్టూ గీత గీయండి. పెన్సిల్ ఎత్తు అన్నిచోట్లా ఒకటే కాబట్టి ఆ గీతలన్నీ నేలకి సమాంతరంగా ఒకే మట్టంలో ఉంటాయి. గీత దాకా నాలుగింటినీ కోయండి, లేదా తేడా మిల్లీమీటరు లోపే అయితే 80 శాండ్ పేపర్‌ని నేలకి అంటించి రుద్దండి. ఒక్కసారే, ఒక్క గీతతోనే పని అయిపోవాలి. కాస్త కాస్త కోసి చూద్దాం అంటే అంతం ఉండదు.

తర్వాత కాలి కింది అంచుల్ని చుట్టూ కొద్దిగా గీకి మొద్దు చేయండి, లేకపోతే ఎవరైనా బెంచీని ఈడ్చినప్పుడు అంచు పేడు లేస్తుంది.

8. పై పలకలు: ఇక్కడ జిగురు వద్దు

నేను చేసిన మొదటి బల్లకి పై పలకని జిగురు రాసి, చుట్టూ స్క్రూలు కొట్టి, ఏనుగెక్కినా కదలదని మురిసిపోయాను. వానలు పోయి గాలి పొడిబారాక ఒక రాత్రి పెద్ద చప్పుడైంది, పొద్దున చూస్తే పలక మధ్యలో వేలు పట్టేంత చీలిక. తప్పు చెక్కది కాదు. చెక్క గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది, అదీ వెడల్పులోనే, పొడవులో మార్పు లెక్కలోకి రాదు. 15 సెం.మీ. పలక ఏడాదిలో ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూ అవడం మామూలే. దాన్ని కదలనివ్వకపోతే చీల్చుకుని దారి చేసుకుంటుంది.

అందుకని పలకలు రెండింటినీ బోర్లా పరిచి, మధ్యలో 5 మి.మీ. సందు వదలండి (రెండు చోట్ల ఒకే మందం అట్టముక్క పెడితే సందు సమంగా ఉంటుంది). చట్రాన్ని పైన బోర్లించండి. పొడవు వైపు రెండు చివర్లా 4 సెం.మీ., వెడల్పు వైపు రెండు పక్కలా 2 సెం.మీ. పలక బయటికి రావాలి. ప్రతి అడ్డకర్రలో ఒక్కో పలకకి రెండు రంధ్రాలు: మధ్య సందు వైపుది 4.5 మి.మీ., బయటి వైపుది 7 మి.మీ. బయటి రంధ్రాల్లో స్క్రూ కింద వాషర్ పెట్టండి, లేకపోతే స్క్రూ తల రంధ్రంలోంచి జారిపోతుంది. పలక ఇప్పుడు మధ్య వైపు పట్టుబడి, బయటి వైపు కాస్త కదలగలుగుతుంది.

40 మి.మీ. స్క్రూనే వాడండి. అడ్డకర్రలో 25, పలకలో 15 దిగుతుంది. పొరపాటున 50 స్క్రూ కొట్టారో, దాని మొన సరిగ్గా పలక పై ముఖం దగ్గరికి వచ్చేస్తుంది, కూర్చునేది అక్కడే. పలకలో 3 మి.మీ. రంధ్రం చేసేటప్పుడు కూడా బిట్ మీద లోతు గుర్తుగా టేపు చుట్టుకోండి.

ఘనమైన చెక్క బదులు ప్లైవుడ్ పలక వేస్తే ఈ ఉబ్బడం గొడవ దాదాపు ఉండదు, దాని పొరల్లో నార ఒకటి నిలువు, ఒకటి అడ్డం. కాకపోతే అంచులు కనపడతాయి కాబట్టి సన్నటి చెక్క పట్టీ అంటించి మూసేయాలి.

9. రుద్దడం, పాలిష్

120తో మొదలుపెట్టి 180, 220. ఏ నంబరూ దాటేయకండి, 80 గీతల్ని 220 తుడవలేదు, మీ చేయి నొప్పి పెట్టడమే మిగులుతుంది. 180 అయ్యాక బాగా పిండిన తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. నార లేచి గరుకుగా అవుతుంది, అప్పుడు 220తో తేలిగ్గా రుద్దితే పాలిష్ వేశాక మళ్లీ లేవదు. ఆ తడిలోనే జిగురు మరకలు కూడా తెల్లగా బయటపడతాయి, అదే గీకేసుకునే అదను.

పరీక్ష: గదిలో దీపాలు ఆపి, సెల్‌ఫోన్ టార్చ్‌ని పలకకి దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి. పగలు కనపడని ప్రతి గీతా నీడ వేస్తుంది.

పాలిష్ ఏదైనా ముందు తుంపు మీద, 220 దాకా రుద్దిన తుంపు మీదే, వేసి చూడండి. నూనె రకం పాలిష్ వేయడం తేలిక, గీత పడితే మళ్లీ రుద్ది రాసుకోవచ్చు, కానీ నీటి మరకలకి అంతగా ఆగదు. నీళ్లతో కలిపే పాలీయురేథేన్ గట్టి పొర ఇస్తుంది, త్వరగా ఆరుతుంది, అయితే పాడైతే అక్కడక్కడ సరిచేయడం కష్టం. కొత్తవాళ్లకి నేను నూనె రకమే చెప్తాను. ఏదైనా పల్చగా రెండు మూడు పూతలు, ఒక్క మందపాటి పూత ఎప్పుడూ వద్దు. పలక అడుగు వైపు కూడా ఒక పూత వేయండి, ఒక ముఖమే మూసేస్తే తేమ రెండో వైపు నుంచి మాత్రమే లోపలికి పోయి పలక గిన్నెలా వంగుతుంది.

నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనెలాంటివి ఆరేటప్పుడు వేడి పుట్టిస్తాయి, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. విప్పి ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి మూతున్న రేకు డబ్బాలో వేయండి.

మీకు కావలసినట్టు మార్చుకోవాలంటే

టీపాయ్‌కి ఎత్తు 40 నుంచి 45 చాలు, పలకలు రెండు కాదు నాలుగు వేసి పొట్టి పట్టీలు పొడిగించండి. చదువుకునే బల్లకి 72 నుంచి 75 ఎత్తు, అప్పుడు కాళ్లు పొడుగవుతాయి కాబట్టి కింద నుంచి ఓ 15 సెం.మీ. ఎత్తులో కాలికీ కాలికీ మధ్య అడ్డపట్టీ కావాలి, లేకపోతే పక్కకి ఊగుతుంది. బెంచీ పొడవు 120 దాటినా ఇదే చేయండి. పట్టీలూ వెడల్పు చేయండి, ఎందుకంటే మోసే పట్టీ నిలువు వెడల్పు రెట్టింపైతే వంగకుండా నిలబడే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మందం రెట్టింపు చేస్తే రెండు రెట్లే. ఈ ఒక్క లెక్క తెలిస్తే చెక్క ఖర్చు చాలా కలిసొస్తుంది.

కాళ్లు కిందికి సన్నబడితే చూడ్డానికి బాగుంటాయి. పట్టీ కింది నుంచి మొదలుపెట్టి, లోపలి రెండు ముఖాలే చిత్రిక పట్టండి, బయటి ముఖాలు జోలికి పోకండి. కానీ ఇది కాళ్లు బిగించకముందే చేయాలి. అరలు కావాలంటే కింద అడ్డపట్టీల మీద సన్నపలకలు పరవొచ్చు. నిలువుగా ఎత్తైన అల్మారా దాకా వెళ్లేట్టయితే మాత్రం దాన్ని గోడకి బిగించకుండా వాడకండి, పిల్లలు అరల మీద ఎక్కితే మీద పడుతుంది.

అయ్యాక ఇంకో పరీక్ష

24 గంటలు గడిచాక మొదట మధ్యలో కూర్చోండి, తర్వాత ఒక చివర. పలక 4 సెం.మీ. మాత్రమే బయటికి ఉంది కాబట్టి చివర కూర్చున్నా రెండో వైపు లేవకూడదు. తర్వాత బెంచీ ఒక చివర పట్టుకుని పక్కలకి కుదపండి. కిర్రుమంటే ఎక్కడో స్క్రూ వదులైంది, చెవి పెట్టి ఏ మూలో కనుక్కుని బిగించండి. స్క్రూ ఊరికే తిరుగుతూ పట్టుకోకపోతే దాన్ని తీసి, జిగురులో ముంచిన అగ్గిపుల్లలు రెండు రంధ్రంలో దూర్చి, ఆరాక పైకి మిగిలింది కోసి మళ్లీ దించండి.

మూడు నెలలకి, గాలిలో తేమ బాగా మారినప్పుడు, పలక పక్కలకి చట్రం బయటికి వచ్చిన ఆ 2 సెం.మీ. కొలిచి చూడండి. అది ఓ మిల్లీమీటరు తగ్గిందనో పెరిగిందనో కంగారు పడకండి, పలక కదలడానికే ఆ వాషర్లు పెట్టాం.